కళ్లతో అబద్ధమాడే కూతగాడు

నా ఉద్యోగమంతా జనం చేత అక్షరాలు చదివించడంతోనే గడిచిపోయింది. అలాగని పంతులమ్మని కాను. ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో ఆప్తాల్మిక్ ఆఫీసర్ని. పేరు చూసి పెద్ద ఉద్యోగమనుకోకండి. డాక్టరు గారి గదిలోకి వెళ్లేముందు బయట ఎదురయ్యే మనిషిని నేను. గోడకు తగిలించిన చార్టు చదివించడం, చూపు ఎంతుందో చూడడం, కళ్లజోడు నంబరు తేల్చడం, శుక్లాలు ముదిరినవాళ్లను ఆపరేషనుకి పంపడం నా పని. "పై వరస చదువు తాతా", "ఇప్పుడు దాని కింది వరస", "కన్ను పూర్తిగా మూసుకో, వేళ్ల సందుల్లోంచి చూడకు" అంటూ ఈ మాటలే తిప్పి తిప్పి చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ మా మనవరాలు కళ్లు చికిలించి టీవీ చూస్తే నా చెయ్యి దానంతటదే వెళ్లి దాని ఎడమ కన్ను మూసేస్తుంది.

ఈ మధ్య కొత్తగా ఈ చదువు పాసైన పిల్లలు కొందరు మా ఇంటికొచ్చారు. "మీరు మర్చిపోలేని కేసు ఏది మేడమ్?" అని అడిగారు. కట్టు విప్పగానే కొడుకు మొహం చూసి ఏడ్చిన ముసలమ్మ కథ చెబుతాననుకుని ఉంటారు. అలాంటివి చాలా ఉన్నాయి, చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. చార్టు ఆఖరి వరస దాకా గడగడా చదివేసిన కుర్రాడి సంగతి చెప్పాను. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మామూలుగా ఆటగాళ్లు మా దగ్గరికి రారు. మోకాలు పట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళతారు, భుజం పట్టుకుని కట్టు కట్టేవాడి దగ్గరికి వెళతారు. ఆటలో కళ్లకూ పనుందన్న ధ్యాస ఎవరికీ ఉండదు. క్రికెట్ వాళ్లకైతే కనీసం బంతి కనబడాలి. కబడ్డీలో ఆ బంతి కూడా లేదాయె.

మరి నాకు కబడ్డీతో పనేమిటంటే, మా వారు వ్యాయామోపాధ్యాయుడు. ఊళ్లో డ్రిల్లు మాస్టారంటారు. రావులపాలేనికి దగ్గర్లో, కాలవ పక్కన ఉన్న ఊళ్లో హైస్కూల్లో పనిచేసేవారు. బడి వదిలాక ఆ ఊరి కబడ్డీ టీముకి ఆయనే కోచి. జీతం లేని ఉద్యోగం, తిట్లు మాత్రం నిండుగా ఉంటాయి. సాయంత్రం ఇంటికి రమ్మంటే రారు, వస్తే ఒంటినిండా దుమ్ము, నోటినిండా కబడ్డీ. కబడ్డీ నాకు సవతి అని అందరి ముందూ అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు తప్ప కాదనేవారు కాదు.

ఆ టీములో ఒక రైడర్ ఉండేవాడు. రైడ్‌కి వెళ్లడాన్ని మావైపు పాతవాళ్లు కూతకెళ్లడం అంటారు కాబట్టి ఊళ్లో పెద్దవాళ్లకు అతను కూతగాడు. పాతికేళ్లు దాటని మనిషి. పొద్దున్న పూట రావులపాలెం మార్కెట్లో లారీలకు అరటి గెలలు ఎత్తేవాడు, సాయంత్రం కోర్టులో దిగేవాడు. అతని గురించి మా వారు చెప్పే మాట ఒకటుంది. "వాడు కళ్లతో అబద్ధమాడతాడోయ్" అనేవారు.

ఈ మాట అర్థం కావాలంటే ఆట కాస్త తెలియాలి. కూతకెళ్లినవాడు ఒక్కడు, ఎదుటివాళ్లు ఏడుగురు. అతను నడిగీత దాటి వెళ్లి, ఊపిరి తిప్పుకోకుండా ఎవరినో ఒకరిని ముట్టుకుని వెనక్కి రావాలి. వాళ్లు అతన్ని పట్టి ఆపాలి. రెండు చివర్లలో నిలబడేవాళ్లు కార్నర్లు. కూతగాడు లోపలికి వెళ్లేకొద్దీ వాళ్లు అతనికి పక్కలకొచ్చేస్తారు, కాలో చీలమండో అందితే పట్టేస్తారు. అందుకని ఎదుటివాళ్లు ఎప్పుడూ కూతగాడి కళ్లనే కనిపెడుతుంటారు. చూపు ఎటు తిరిగితే కాలు అటు వస్తుందని వాళ్ల లెక్క. మనవాడి దగ్గర ఆ లెక్క తప్పేది. అతని కళ్లు క్షణం ఒకచోట ఉండేవి కావు. ఇటు కార్నర్ని చూస్తాడు, అటు కార్నర్ని చూస్తాడు, మళ్లీ ఇటు. చూపు పడిన వైపు కాలు పడదు. ఎదుటివాళ్లు ఆ చూపులకు మోసపోయి ఒక అడుగు అటో ఇటో వేసేసరికి అతను ముట్టేసి గీత దగ్గరుండేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో కుర్రాళ్లు అద్దం ముందు నిలబడి అలా కళ్లు తిప్పడం నేర్చుకునేవారంటే నమ్మండి.

అలాంటివాడు ఒక ఏడాది దొరికిపోవడం మొదలుపెట్టాడు. ముందు ఎప్పుడో ఒకసారి, తర్వాత ప్రతి ఆటలోనూ. ఎప్పుడు దొరికినా పక్కనుంచే, కార్నర్లకే. చివరికి తణుకులో లైట్ల కింద జరిగిన ఒక పోటీ ఫైనల్లో, గెలుపు అతని ఒక్క కూత మీద ఆగి ఉండగా, పక్కనుంచి వస్తున్న కార్నర్ వైపు కన్నెత్తయినా చూడకుండా నేరుగా వెళ్లి వాడి చేతుల్లో పడ్డాడు. ఊరు ఊరంతా లారీ కట్టుకుని వెళ్లి చూసిన ఆట అది.

ఓడిపోతే ఊళ్లు ఏడుస్తాయి, రెండ్రోజుల్లో మర్చిపోతాయి. ఈ ఓటమిని మాత్రం మర్చిపోలేదు. చూడకుండానే అన్నీ చూసేవాడని పేరున్నవాడికి పక్క మనిషి కనబడలేదంటే ఎవరు నమ్ముతారు? కనబడింది, కావాలనే దొరికాడు, అవతలి వాళ్ల దగ్గర డబ్బు తిన్నాడు అన్నారు. అమ్ముడుపోయాడు అన్న ఒక్క మాట టీ కొట్ల దగ్గర, మార్కెట్లో, రేవులో ఒకరి నోటినుంచి ఒకరి నోటికి పాకింది. టీముకి జెర్సీలు కొనిచ్చే రైసు మిల్లు ఆసామి అయితే బాహాటంగానే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కోపం వస్తే నోరాగదు, అంతే. కూతగాడితో కలిసి చదువుకుని, కలిసి గెలలెత్తి, అదే టీములో కార్నర్‌గా ఆడే స్నేహితుడు కూడా అతనితో మాట్లాడటం మానేశాడు. అదే అతనికి ఎక్కువ కష్టమైందని తర్వాత తెలిసింది.

మా వారికి అన్నం సహించలేదు. ఆ కుర్రాణ్ణి బళ్లోకి పిలిపించి, పిల్లల కంటిచూపు చూడటానికి బళ్లో తగిలించే చార్టు తనే చదివించి వచ్చారు.

"ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడోయ్. కళ్లు బంగారంలా ఉన్నాయి" అన్నారు దిగులుగా.

"బంగారంలా ఉంటే సంతోషించాలి గానీ ఆ మొహమేంటండీ?"

"కళ్లు బాగోలేకపోతే బాగుండునని ఆశపడ్డాను. ఇంక చెప్పుకోడానికేముంది? మనసే ఎటో పోయింది వాడికి."

నాకు ఒళ్లు మండింది. నా చార్టుతో ఈయనకేం పని? "ఏం పరీక్షండీ అది? చార్టు ఎదురుగా ఉంటుంది. మీవాడిని పట్టుకున్నది పక్కనుంచి కదా?" అని కసిరాను.

కసిరినదాన్ని అలాగే ఆగిపోయాను. పొయ్యి మీద తాలింపు మాడిపోయింది.

ఆ ఆదివారం సాయంత్రం మొట్టమొదటిసారి నా అంతట నేను కబడ్డీ చూడటానికి వెళ్లాను. మా వారు అనుమానంగా చూశారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకోయ్" అన్నారు. నేను మాట్లాడకుండా కోర్టు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఆట నాకు అక్కర్లేదు, కళ్లే కావాలి.

టీములో ఇద్దరు ముగ్గురు రైడర్లున్నారు. మిగతావాళ్ల కళ్లు గమనించాను. కూతకెళ్లగానే వాళ్ల చూపు మధ్యలో ఉన్నవాడి నడుము మీద ఆగిపోతుంది. తల కదలదు. రెండు చివర్లలో ఉన్నవాళ్లను కంటి కొసలతోనే చూసేస్తారు. అటు కార్నర్ ఒక అడుగు వేస్తే తల తిప్పకుండానే ఇటు జరుగుతారు. మనందరం రోడ్డు దాటేటప్పుడు చేసే పనే, వాళ్లు ఇంకా బాగా చేస్తున్నారు.

అతను కూతకెళ్లాడు. కళ్లతో పాటు తల కూడా తిరుగుతోంది. ఇటు, అటు, మళ్లీ ఇటు. బోరు గొట్టం కంటికి పెట్టుకుని లోకాన్ని చూసేవాడు అలాగే తిరగాలి. చూపు ఇటున్నంతసేపూ అటువైపు ఏమైందో అతనికి తెలియడం లేదు. ఊరంతా కళ్లతో అబద్ధం అనుకున్నది అబద్ధం కాదు, వెతుకులాట. ఏళ్ల తరబడి ఆ వెతుకులాటకే ఎదుటివాళ్లు మోసపోయారు, ఆ వెతుకులాటనే కుర్రాళ్లు అద్దాల ముందు నేర్చుకున్నారు.

ఆట ఆపాక ఒకతను పక్కనుంచి మంచినీళ్ల సీసా అందించాడు. ఇతను తీసుకోలేదు. అవతలివాడు "పొగరు చూడు" అని గొణిగి సీసా కింద పెట్టేశాడు. మసక చీకటి పడుతుండగా కోర్టు బయట పెట్టిన బకెట్టు తన్నుకుని పడబోయాడు. కొందరు నవ్వారు.

మర్నాడు ఆసుపత్రికి రమ్మని కబురు పెట్టాను. వచ్చాడు. మార్కెట్ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద అరటి జిగురు మరకలు.

"చీకట్లో ఇబ్బందేమైనా ఉందా?" అని అడిగాను.

"చీకట్లో ఎవరికి కనపడుద్దండి?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

ఎదురుగా కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, "నా ముక్కు వైపే చూడు. చూపు తిప్పకు. పక్కనుంచి నా చెయ్యి వస్తుంది. వేళ్లు కదలడం కనబడగానే చెప్పు" అన్నాను. ఖర్చు లేని పరీక్ష ఇది, ఏ యంత్రమూ అక్కర్లేదు. నా చెయ్యి మామూలు మనిషికి చెవి దాటగానే కనబడాలి. వేళ్లాడిస్తూ పక్కనుంచి నెమ్మదిగా తెస్తున్నాను. చెవి దాటింది, కణత దాటింది, కనుబొమ్మ కొస దాటింది. అతను బుద్ధిగా నా ముక్కు వైపే చూస్తున్నాడు.

"ఇంకా పెట్టలేదేంటండి చెయ్యి?" అన్నాడు.

నా వేళ్లు అప్పటికి అతని ముక్కుకి జానెడు దూరంలో ఉన్నాయి. రెండో కన్నూ అంతే. అతన్ని డాక్టరు గారి గదిలోకి తీసుకెళ్లాను.

మా డాక్టరు గారు వయసులో నాకంటే బాగా చిన్న. ఎంత రద్దీ ఉన్నా చెడ్డ కబురు నిలబడి చెప్పడం ఆయనకు ఇష్టం ఉండదు. కుర్చీ దగ్గరకు లాక్కుని, రోగి మోకాళ్లకు తన మోకాళ్లు తగిలేలా కూర్చుంటారు. నాకది తెలుసు కాబట్టి మందు చుక్కలు వేసి లోపల చూశాక ఆయన కుర్చీ లాక్కోగానే గోడ వైపు తిరిగాను.

"మీ అమ్మానాన్నలది దగ్గర సంబంధమా?" అని అడిగారు.

"ఆయ్, మేనరికమండి."

అప్పుడు చెప్పారు. కంటి వెనక పొర అంచుల దగ్గర నుంచి ఎండుతూ వస్తోంది. నీళ్లందని చేను గట్ల వైపు నుంచి ఎండినట్టు. మధ్యలో ఇంకా పచ్చగా ఉంది కాబట్టి చార్టు చదవగలుగుతున్నాడు. ఆ మధ్యభాగం చాలా ఏళ్లు నిలవొచ్చు, నిలవకపోవచ్చు. పోయినదాన్ని తెచ్చే మందు ఇప్పటికి లేదు. రాత్రిపూట బండి నడపకూడదు. లైట్ల కింద ఆడకూడదు. పగటి వెలుగులో ఆట మాటేంటని అతను అడిగితే, జాగ్రత్తగా కొన్నాళ్లు ఆడొచ్చన్నారు.

అతను చొక్కా మీది అరటి మరకను గోటితో గోకాడు. తర్వాత, "అందరికీ ఇంతే కనపడుద్ది అనుకున్నానండి" అన్నాడు.

పుట్టినప్పటినుంచీ నెమ్మదిగా దిగిపోతున్న చూపు అది. పోల్చుకోడానికి అతని దగ్గర ఇంకో జత కళ్లు లేవు కదా. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలో ఏడవకూడదంటారు. నేను ఏడ్చాను, మీరూ ఏడ్చుకోండి, పరవాలేదు.

బయటికొచ్చాక నేను ఉత్సాహంగా అన్నాను. "మాస్టారితో చెబుతాను. రేపటికల్లా ఊరంతటికీ తెలుస్తుంది. నిన్ను అన్నవాళ్లంతా నోరు మూసుకుంటారు."

అతను రెండు చేతులూ జోడించాడు. "వద్దండి అమ్మగారూ. ఎవరికీ చెప్పద్దండి."

"ఎందుకయ్యా? అమ్ముడుపోయావంటున్నారు నిన్ను."

"అననీయండి. తిడతారు, ఒక ఏడాది తిట్టి ఊరుకుంటారు. కళ్లు పోతన్నాయని తెలిస్తే చచ్చేదాకా జాలి పడతారండి. ఆట లోపలికి రానీరు. మాస్టారికైతే అసలు చెప్పద్దు, ఆయన తట్టుకోలేరు."

రోగి సంగతి రోగిది. చెప్పమంటే చెప్పాలి, వద్దంటే నోరు కుట్టుకోవాలి. మా ఉద్యోగంలో ఆ నియమం కొత్తదేమీ కాదు. ఎవరికి ఏ కన్ను పోయిందో, ఎవరికి షుగరు ముదిరిందో ఎన్నో కడుపులో దాచుకున్నాను. కానీ అవన్నీ మా ఇంటి అన్నం పళ్లెం దాకా రాలేదు. ఈసారి దాచవలసింది ఎదురుగా కూర్చుని భోంచేసే మనిషి దగ్గర.

ఆ రాత్రే అడిగారు. "వాణ్ణి పిలిపించావటగా. ఏంటి సంగతి?"

"రోగుల సంగతులు ఇంట్లో చెప్పనని మీకు తెలుసుగా."

"అంటే ఏదో ఉంది."

"ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు."

"నా పిల్లాడోయ్ వాడు. పదో తరగతి నుంచి నా చేతుల్లో పెరిగాడు" అన్నారు గొంతు పెంచి. నేను మజ్జిగ పోశాను. ఆయన పళ్లెంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. ఆ తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. కాఫీ ఇక్కడ పెట్టాను, గొడుగు తీసుకెళ్లండి, అంతవరకే. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అంత కాలం నాతో ముభావంగా ఉండటం అదే మొదలు.

ఇంతలో మిల్లు ఆసామి పంచాయితీ పెట్టించాడు. వచ్చే ఏడాది టీము కట్టేముందు ఈ సంగతి తేలిపోవాలన్నాడు. ఆ ఊళ్లో కబడ్డీకి ఒక ఆచారం ఉంది. ఆటలో ఏ తగాదా వచ్చినా ఇద్దరూ కోర్టులోకి వచ్చి, చెప్పులు విడిచి, నడిగీత ముట్టి నిజం చెప్పాలి. గుళ్లో అబద్ధమాడినవాళ్లను ఆ ఊళ్లో చూశారు గానీ గీత ముట్టి అబద్ధమాడినవాణ్ణి చూడలేదట.

ఆదివారం పొద్దున్నే హైస్కూలు మైదానంలో అందరూ చేరారు. మా వారికి ఆ మధ్యే బీపీ మొదలైంది. ఆ వంకతో నేనూ వెంట వెళ్లాను.

కుర్రాడు చెప్పులు విడిచి వచ్చి గీత ముట్టాడు. "నేను ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదండి. తెలిసి తెలిసి దొరికిపోలేదండి" అన్నాడు.

"మరెలా దొరికావురా? పక్కనుంచి దున్నపోతులా వస్తున్నాడు కదా, కనబడలేదా?" అన్నాడు ఆసామి.

కనబడలేదు అనే ఒక్క మాట చాలు. అతను తలొంచుకుని నిలబడ్డాడు. అతని స్నేహితుడు, ఆ కార్నర్ కుర్రాడు, జనంలోంచి చూస్తూ పళ్లు కొరుకుతున్నాడు.

ఆసామికి కోపం తలకెక్కింది. కనిపించినవాళ్లందరి మీదా చూపు తిప్పి, మా వారి దగ్గర ఆపాడు. "ఇంకో మాట. వీడు ప్రతిసారీ దొరికిపోతున్నాడని తెలిసీ, మళ్లీ మళ్లీ కూతకు పంపించింది ఎవరు? ఇది ఒక్కడి పనే అని నాకనిపించడం లేదు. మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీరూ ఒకసారి గీత ముట్టండి."

ఆ ఊళ్లో సగం మందికి పరిగెత్తడం నేర్పిన మనిషి మా వారు. ఆయన నా వైపు ఒక్కసారి చూశారు. నా దగ్గర ఏదో ఉందని ఆయనకు తెలుసు. చెప్పు అని అడగడం లేదు, చెప్పవని తెలిసిన చూపు అది. నా నాలుక చివరికి వచ్చేసింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నా ఉద్యోగమూ నియమమూ గోదాట్లో కలిసిపోనీ అనుకున్నాను. పెదవి కొరుక్కుని నిలబడ్డాను.

ఆయన చెప్పులు విడిచారు. గీత దగ్గరికి వెళ్లి వంగబోయారు.

"మాస్టారూ, వంగకండి!" అని అరిచాడు ఆ కుర్రాడు.

ఒక్క అంగలో వచ్చి ఆయన భుజాలు పట్టుకుని లేపాడు. తర్వాత జనం వైపు తిరిగి స్నేహితుణ్ణి పేరు పెట్టి పిలిచాడు. "ఇలా రారా. వచ్చి నా పక్కన నిలబడు. ఇంకొంచెం ఇటు. చెయ్యెత్తు." వాడు అయోమయంగా చెయ్యెత్తాడు.

"నేను మాస్టారి మొహం చూస్తాను. నువ్వెన్ని వేళ్లు పెట్టావో అడగద్దు. చెయ్యి ఎత్తావో దించావో కూడా నాకు తెలవదు. నాకు పక్కలు కనపడవురా. డాక్టరు గారు చూసి చెప్పారు. ఇంక పెరుగుద్ది గానీ తగ్గదంట."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. స్నేహితుడు ఎత్తిన చెయ్యి ఆడించాడు. దగ్గరికి తెచ్చాడు. ఇంకా దగ్గరికి. కూతగాడు మా వారి మొహం నుంచి చూపు తిప్పకుండా, "పెట్టావా?" అని అడిగాడు. ఆ చెయ్యి అప్పటికి అతని చెంపకు తగులుతుందేమోనన్నంత దగ్గరలో ఉంది. వాడు చెయ్యి దించేసి, రెండు చేతుల్లో మొహం దాచుకుని అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

ఆసామి ఒక అడుగు ముందుకొచ్చాడు. "ముందే చెప్పొచ్చు కదరా, ఇంత మాట పడేవాడివి కాదు."

"చెబితే ఆడనిస్తారేంటండి?" అన్నాడు అతను.

తిరిగి వస్తుంటే, స్కూటరు కాలవ వంతెన దాటాక మా వారు, "నీకు తెలుసు" అన్నారు.

"తెలుసు."

"నన్ను గీత ముట్టమన్నప్పుడు కూడా చెప్పలేదు."

"చెప్పలేదు."

"వాడు చెప్పద్దన్నాడన్నమాట" అన్నారు. ఇంటికెళ్లాక కాఫీ ఆయనే పెట్టారు. పంచదార ఎక్కువైంది. తాగాను.

ఆ తర్వాత అతని బతుకు ఎటు సాగిందో కూడా చెబుతాను, లేకపోతే మీరు అడుగుతారు. లారీలకు గెలలెత్తడం మానేసి అక్కడే ఒక కొట్టులో కూర్చుని కాయ రకాలు తేల్చే పని చేస్తున్నాడు. మధ్య చూపు ఇప్పటికీ నిలిచే ఉంది. చేతికర్రతో నడవడం నేర్చుకున్నాడు, సాయంత్రమైతే దాచుకోకుండా వాడతాడు. చిన్నపిల్లలకు కూత నేర్పుతాడు. పగటిపూట ఆటలు ఇంకో ఏడాది ఆడాడు. ఆ ఏడాది మొదటి రోజు నేను చూశాను. చెప్పవలసింది అదే.

పంచాయితీ జరిగిన మర్నాడు, ఎండ ఇంకా ఉండగానే ప్రాక్టీసు పెట్టారు మా వారు. నేను వెళ్లేసరికి అందరూ దిగి ఉన్నారు. అందరి మొహాల్లోనూ ఒక మెత్తదనం. ఒకడు అతనికి కుర్చీ తెచ్చాడు. ఇంకొకడు చెయ్యి పట్టుకుని కోర్టులోకి తీసుకెళ్లబోయాడు. అతను విదిలించుకుని కూతకెళ్లాడు.

లోపలికి వెళ్లాడు. అవతల కార్నర్లో స్నేహితుడున్నాడు. చీలమండకు ఎదురుగా ఉన్నాడు, వంగాడు, చెయ్యి చాచాడు, ఆగిపోయాడు. మిగతావాళ్లూ అంతే. ఒకడు తనంతట తనే భుజం ముందుకు పెట్టి ముట్టించుకున్నాడు. అతను తిరిగి వస్తుంటే దారి వదిలేశారు. బయట నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. కొందరు కళ్లు కూడా తుడుచుకున్నారు.

అతను నడిగీత దగ్గర ఆగాడు. దాటలేదు. వెనక్కి తిరిగి స్నేహితుణ్ణి వెతికి, చూపు వాడి మీద నిలిపాడు.

"నా కాలి దాకా వచ్చి ఎందుకు ఆగిపోయావురా?"

"నేనెక్కడ వచ్చాను?"

"నువ్వు కనపడలేదు. అడుగు వినపడింది. వచ్చింది, ఆగింది."

వాడు నేల చూపులు చూశాడు. "నీకు దెబ్బ తగులుద్దనిరా."

"తణుకులో నేను ఆట అమ్మలేదు" అన్నాడు అతను. కోపంగానే అన్నాడు. "ఇవాళ మీరందరూ కలిసి అమ్మేశారు."

మా వారి నోట్లో విజిలుంది, ఊదలేదు. అతను గీత ఇవతలికి వచ్చి, వంగి ముట్టి, వేళ్లు కళ్లకద్దుకుని మళ్లీ కూత మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా లోతుకి వెళ్లాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. ఇటు చూస్తుండగా అటునుంచి స్నేహితుడు ఏడుస్తూనే దూకి చీలమండ దొరకబుచ్చుకున్నాడు. మిగతావాళ్లూ మీదపడ్డారు. దుమ్ము లేచింది. ఆ కుప్ప కింద కాసేపు కూత వినిపించి, ఆగిపోయింది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. మా వారు విజిలు ఊది, చెయ్యి బయటికి చూపించి, "ఔట్" అన్నారు.

అతను లేచాడు. మోచెయ్యి దోక్కుపోయింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఒంటి మీది దుమ్ము దులుపుకోకుండా, ఔటైనవాళ్లందరూ వెళ్లినట్టే వెళ్లి గీత బయట కూర్చున్నాడు.